ఇరవైకి పద్దెనిమిది

పోయిన వారం సెదినామ్‌ని స్టేషన్ కిటికీ ముందు నిలబెట్టి ఆగాం. లాకప్‌లో ఉన్న మెస్సాన్‌కి ముద్ద గిన్నె ఇద్దామని వెళ్లిన ఆ అమ్మాయికి ఇన్‌స్పెక్టర్ బల్ల మీద ఆకుపచ్చ అట్ట నోట్‌బుక్ ఒకటి కనిపించింది. అట్ట మూల మీద సిరా మరక ఉంది. ఆ మరక ఎప్పుడు పడిందో, ఎవరి మోచెయ్యి తగిలి పడిందో ఆమెకు తెలుసు. నోట్‌బుక్ ఆమెదే.

గిన్నె అందుకున్న కానిస్టేబుల్‌కి ఎదురుగా ఉన్నది ఎవరో తెలియదు. ఎవే భాషలో పలకరించింది కాబట్టి లోమే ఊరి పిల్లే అనుకున్నాడు.

"ఫోలీ మాస్టారింట్లో ఉంటుందట, ఘనా నుంచి ఫ్రెంచి నేర్చుకోడానికి వచ్చిన పిల్ల. రేవు సమ్మె సంగతంతా పూసగుచ్చినట్టు రాసిపెట్టింది. మా సార్ చదివి చదివి మురిసిపోతున్నాడు. రెండింటికి వాళ్లింటికెళ్లి సాక్షి సంతకం చేయించుకొస్తాడు. అది పడిందంటే నువ్వీ గిన్నెలు ఐదేళ్లు మొయ్యాలి చెల్లీ," అని మూత తీసి వాసన చూశాడు. "చేప వేశారా?"

సెదినామ్ వెనక్కి తిరిగి నడిచింది.

ఆదివారం పన్నెండున్నర. ఇసుక కాలుతోంది. రోడ్డు పక్కన సీసాల్లో పెట్రోలు అమ్మే ఆడవాళ్లు గొడుగుల కింద కునుకు తీస్తున్నారు. బైకు టాక్సీ వాళ్లు ఇద్దరు ముగ్గురు వేగం తగ్గించి "ఎక్కుతావా అక్కా" అని అడిగారు. ఆమె వాళ్ల వంక చూడలేకపోయింది. రేవు దారిలో బైకు టాక్సీలు తిరగకూడదని కొత్త ఆంక్ష పెట్టింది వాళ్ల మీదే. దానికి ఎదురు తిరిగి మంగళవారం తెల్లవారుజామున ఐదింటికి రేవు గేటు అడ్డగించాలనుకున్నదీ వాళ్లే. నాలుగున్నరకే పోలీసులు వచ్చి కాపు కాశారు. అందరూ పారిపోయారు. పడిపోయినవాణ్ని లేపడానికి ఆగిన మెస్సాన్ దొరికిపోయాడు. మనలో ఎవడో చెప్పాడు, వాడెవడో తేలితే ఎముకలు మిగలవని ఐదు రోజులుగా ప్రతి మలుపులోనూ అనుకుంటున్నారు.

ఎవడో కాదు. ఆ చెప్పింది తనే.

ఎలా చెప్పిందో తెలియాలంటే మాస్టారింటి పద్ధతి తెలియాలి.

సెదినామ్ ఊరు కేటా. సరిహద్దు గేటుకి అవతల, ఘనాలో, గంటన్నర దూరం. అక్కడి ఇళ్లలోనూ ఎవే, ఇక్కడి వీధుల్లోనూ ఎవే. ఫ్రెంచి ముక్క రాకపోయినా లోమేలో ఏడాది హాయిగా గడిపెయ్యొచ్చు. మొదటి నెల ఆమె అలాగే గడిపింది. అందుకే విదేశీ విద్యార్థుల్ని ఇంట్లో పెట్టుకునే ఫోలీ మాస్టారు తన బడి పద్ధతినే ఇంట్లోనూ పెట్టారు. గోడ మేకుకి తాడు కట్టిన నత్తగుల్ల ఒకటి ఉంటుంది. పేరు సిగ్నల్. ఎవే మాట్లాడుతూ దొరికినవాళ్ల మెళ్లో అది పడుతుంది. వాళ్లు ఇంకొకర్ని పట్టుకుంటేనే అది దిగుతుంది. పొద్దు గూకేసరికి ఎవరి మెళ్లో ఉంటే అంట్లు వాళ్లవి, వాకిలి వాళ్లది. పట్టుకున్నానని నోటితో చెబితే చెల్లదు. ఎవరు, ఎక్కడ, ఏ గంటకి, ఏం మాట్లాడారో నోట్‌బుక్‌లో ఫ్రెంచిలో రాయాలి. మాస్టారు ఎర్రసిరాతో దిద్ది, ఇరవైకి మార్కులేస్తారు.

ఇంట్లో నేర్పింది మాస్టారైతే వీధిలో నేర్పింది ఆయన కొడుకు మెస్సాన్. బైకు వెనక ఆమెని ఎక్కించుకుని ఒకటే షరతు పెట్టాడు. మలుపు దగ్గర ఫ్రెంచిలో దారి చెబితే తిప్పుతాడు. లేకపోతే నేరుగా పోనిస్తాడు. ఒకరోజు ఎడమకు తిరగమనే మాట గొంతులో ఇరుక్కుని ఇద్దరూ నలభై కిలోమీటర్లు పోయి అనేహో చేరారు. పెట్రోలు సీసాలో నీళ్లు కలిశాయని గొడవైతే ఆమెనే ముందుకు తోసేవాడు. "తిట్టు. బాగా తిట్టు. దండం పెట్టే ఫ్రెంచి నాన్న నేర్పిస్తాడు. కోపం వచ్చినప్పుడు నోరు తిరగాలంటే నా దగ్గర నేర్చుకోవాలి."

ఆ గురువారం పొద్దున్నుంచీ నత్తగుల్ల సెదినామ్ మెళ్లోనే ఉంది. సాయంత్రం పెరట్లో మెస్సాన్ ఫోన్‌లో ఎవేలో మాట్లాడుతున్నాడు. మంగళవారం. ఐదు గంటలు. రేవు గేటు. నలభై బైకులు. దొరికాడన్న సంబరంలో ఆమె పేజీన్నర రాసింది. గుల్ల తెచ్చి అతని మెళ్లో వేస్తే మెస్సాన్ పగలబడి నవ్వాడు.

"పట్టేశావా పోలీసమ్మా!"

ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చి సెదినామ్ అడుగు వేగం పెంచింది.

* * *

గేటు తోసిన చప్పుడుకి వసారాలో పేము కుర్చీలో ఉన్న మాస్టారు పత్రిక దించారు. డెబ్బయ్యొకటేళ్ల మనిషి. ఇంట్లో ఉన్నా ఇస్త్రీ చొక్కా, మెడ దాకా గుండీలు.

"నా నోట్‌బుక్ ఎక్కడుంది మాస్టారూ?"

ఎవేలో అడిగింది. వీధి వినేలా అడిగింది.

మాస్టారు వేలితో గోడ మేకు చూపించారు.

"తెచ్చి మెళ్లో వేసుకో. తర్వాత అడుగు. ఫ్రెంచిలో అడుగు."

"వేసుకోను."

"ఏమన్నావు?"

"వేసుకోనన్నాను. నా నోట్‌బుక్ ఇన్‌స్పెక్టర్ బల్ల మీద ఉంది. నా కళ్లతో చూసొచ్చాను. కాళ్లొచ్చి నడిచి వెళ్లిందా అది?"

పెరటి పొయ్యి దగ్గర మొక్కజొన్న ముద్ద కలుపుతున్న అబ్లావి తెడ్డు ఆపింది. మాస్టారి భార్య. నలభై నాలుగేళ్లుగా ఈ ఇంట్లో అవసరమైన నాలుగు ఫ్రెంచి ముక్కలు మాట్లాడి, మిగతాది విని అర్థం చేసుకుంటూ నెట్టుకొస్తున్న మనిషి.

"ఏం నోట్‌బుక్?" అంది. ఆమె కూడా ఎవేలోనే.

మాస్టారు భార్య వంక, మేకు వంక చూసి, ఎవరి మెళ్లో వెయ్యాలో తేలనట్టు చెయ్యి దించేశారు. ఫ్రెంచిలోనే చెప్పారు. "ఆ ఇన్‌స్పెక్టర్ సొస్సే తీసుకెళ్లాడు. పోయిన ఆదివారం మీరిద్దరూ చర్చికి వెళ్లినప్పుడు వచ్చాడు. నా పాత విద్యార్థి. వాళ్లమ్మాయికి వ్యాసం రాయడం రావట్లేదన్నాడు. ఎలా ఉండాలో చూపిస్తానన్నాడు. ఇచ్చాను. తప్పేముంది?"

"నూట పది పేజీలున్నాయి అందులో. సంతలో టమాటాల బేరం ఉంది. అనేహో ప్రయాణం ఉంది. ఏ పేజీ చూపించారు?"

"మంచి పేజీ చూపిస్తాం ఎవరికైనా."

"ఏది మంచి పేజీ?"

"పద్దెనిమిది వచ్చింది. ఈ ఇంట్లో ఇంతవరకు ఎవరికీ పద్దెనిమిది రాలేదు." ఆ మాట చెబుతున్నప్పుడు కూడా ఆయన గొంతులో గర్వం ఉంది. సెదినామ్‌కి ఒళ్లు మండిపోయింది.

"ఆ పేజీలో ఏముందో అమ్మకి చెప్పండి."

"ఏముందే?" అబ్లావి తెడ్డు పట్టుకుని వసారా మెట్ల దాకా వచ్చింది. "నాకు చదువు రాదని ఇద్దరూ నా నెత్తి మీద నుంచి మాట్లాడుకోకండి. ఏముంది?"

"మెస్సాన్ ఉన్నాడమ్మా. మంగళవారం ఐదింటికి రేవు గేటు దగ్గరికి అందర్నీ ఎలా రమ్మన్నాడో, ఏ బైకు ఏ పక్క అడ్డం పెట్టాలో, అంతా ఉంది. నేనే రాశాను. నా చేత్తో రాశాను. మీ అబ్బాయిని పట్టించింది నేనే."

అబ్లావి రెండు క్షణాలు ఆమెనే చూసింది. కొడుతుందేమోనని సెదినామ్ అనుకుంది. కొడితే బాగుండునని కూడా అనుకుంది.

"నువ్వు రాశావు," అంది అబ్లావి నెమ్మదిగా. "మెళ్లో గుల్ల వేస్తే గాడిద కూడా రాస్తుంది. రాసింది చదివిందెవరు?"

మాస్టారు పత్రిక మడత పెట్టసాగారు.

"ఏమయ్యా, నిన్నే. చదివావా?"

"దిద్దాను," అన్నారు మాస్టారు.

"చదవకుండానే దిద్దావా?" అంది అబ్లావి.

"పక్కన రాశారు కూడా," అంది సెదినామ్. "ఎర్రసిరాతో. 'గంట, చోటు స్పష్టంగా ఉన్నాయి. చాలా బాగుంది' అని."

అబ్లావి నవ్వింది. ఆ నవ్వు విని పక్కింటి మేక కూడా అరవడం మానేసిందంటే నమ్మాలి.

"కొడుకు మెడకి తాడు బిగుస్తుంటే ముడి అందంగా పడిందని మార్కులేశావా! ఇంకో రెండు ఎందుకు తగ్గించావు? ఆ రెండూ కూడా వేసెయ్యకపోయావా, ఇరవై అయ్యేది! ఫ్రేము కట్టించి నీ కుర్చీ మీద తగిలించేదాన్ని!"

"అబ్లావీ, నువ్వు..."

"నోరు మూసుకో. ఐదు రోజులుగా రోజుకి రెండుసార్లు ముద్ద కలుపుతున్నాను, ఒకటి నీకు, ఒకటి లాకప్‌కి. ఐదు రోజులుగా నువ్వు నా ఎదురుగా కూర్చుని తింటున్నావు. ఎవరు చెప్పారో ఏమోనని నేను ఏడుస్తుంటే పులుసులో ఉప్పు తక్కువైందన్నావు!"

మాస్టారు లేచి నిలబడ్డారు. కుర్చీ చెయ్యి పట్టుకున్నారు. ఆయన నోటి నుంచి వచ్చిన మాట విని సెదినామ్ ఉలిక్కిపడింది. ఎనిమిది నెలల్లో ఆయన గొంతులో ఎవే వినడం అదే మొదటిసారి. అది కేటాలో తన తాత మాట్లాడే ఎవేలా, పల్లెటూరి ఎవేలా ఉంది.

"భయపెట్టి వదిలేస్తాడనుకున్నాను."

ఆయన కుర్చీ చెయ్యి వదిలారు.

"వాణ్ని రెండు చీవాట్లేసి, బైకు రెండు రోజులు లాక్కుని వదిలేస్తాడనుకున్నాను. ఇన్‌స్పెక్టర్ ఆఫ్ స్కూల్స్‌గా రిటైరైన నా కొడుకు అందరి పెళ్లాల్నీ బైకు వెనక ఎక్కించుకుని తిరగడమేంటి, దాని కోసం గేట్లు అడ్డగించడమేంటి? నా మాట వినడు. యూనిఫాం మాట వింటాడనుకున్నాను."

"అంటే తెలిసే ఇచ్చారు," అంది సెదినామ్. "వాళ్లమ్మాయి వ్యాసం, వంకాయా ఏమీ లేదు."

"వాళ్లమ్మాయి సంగతి అతనే ఎత్తాడు. పేజీ నేను తెరిచాను."

అబ్లావి తెడ్డు కింద పెట్టింది. వసారా ఎక్కింది. మేకుకున్న నత్తగుల్ల లాగి, పెరట్లోకి నడిచి, రోట్లో వేసి, రోకలి ఎత్తింది. మూడే పోట్లు. మొదటిదానికి పెళుసుగా చప్పుడైంది. తర్వాత ఇసుక నలిగిన చప్పుడు. తాడు మాత్రం బయటికి తీసి కోళ్ల వైపు విసిరేసింది.

మాస్టారు ఆపలేదు.

* * *

ఒంటిగంటన్నర దాటింది. కోపంతో ఏడవడం, అరవడం అయ్యాక ఇంకా అరగంట మిగిలి ఉంది. ఆ అరగంటే ముఖ్యం.

"సొస్సు నన్నెప్పుడూ చూడలేదు," అంది సెదినామ్. "స్టేషన్‌లోనూ నేను ఎవేలోనే మాట్లాడాను. అతను వచ్చి అడిగితే నాకు ఫ్రెంచి రాదంటాను. ఆ పేజీలో రాసిందేంటో నాకే తెలియదంటాను. భాష రాని మనిషి సాక్ష్యం చెల్లదు. అది తప్ప మెస్సాన్ మీద వాళ్ల దగ్గర ఇంకేమీ లేదు. నలభై మంది పారిపోయారు, ఒక్కడూ నోరు విప్పలేదు."

"నోట్‌బుక్ ఉందిగా," అంది అబ్లావి.

"దాని మీదున్న పద్దెనిమిదే అడ్డం. మాస్టారూ, అతను మిమ్మల్నే అడుగుతాడు. ఆ మార్కు పొరపాటున పడిందని చెప్పండి. ఈ పిల్ల మూడు మార్కుల పిల్ల, రాసేదానికీ విన్నదానికీ సంబంధం ఉండదని చెప్పండి."

"మూడా?"

"రెండైనా సరే."

మాస్టారు మళ్లీ ఫ్రెంచిలోకి వెళ్లిపోయారు, చలేస్తే కోటులోకి దూరినట్టు. "నలభై రెండేళ్లలో ఒక్క మార్కు మార్చలేదు నేను. ఒక మంత్రి బావమరిది కొడుక్కి ఏడు వేశాను. కారు పంపించారు. మార్చలేదు. ఆ ఏడుకి నన్ను ఉత్తరాదిన ఎండల్లో పడేశారు, ఆరేళ్లు. ఈవిడని అడుగు, అక్కడ నీళ్ల కోసం ఎంత దూరం నడిచిందో."

"నడిచాను," అంది అబ్లావి. "ఇప్పుడు దాన్ని నా మీద వాడకు."

"మాస్టారూ, నేను పోగొట్టుకునేది మీకు తెలుసు," అంది సెదినామ్. "నాకు ఫ్రెంచి రాదని పోలీసు కాగితంలో ఎక్కితే నేను చదివే భాషా కేంద్రం నాకు సర్టిఫికెట్ ఇవ్వదు. ఈ ఏడాది పోతుంది. స్కాలర్‌షిప్ పోతుంది. మా ఊరి బడిలో ఫ్రెంచి టీచర్ కుర్చీ రెండేళ్లుగా నా కోసం ఖాళీగా పెట్టారు. అదీ పోతుంది. నేను పోనిస్తున్నాను. మీరొక్క అంకె పోనివ్వలేరా?"

"నువ్వు పోగొట్టుకునేది నీదమ్మాయ్. నేను ఒక్క మార్కు అబద్ధమంటే, నా చేతుల మీదుగా వెళ్లిన వేలమంది మార్కులన్నీ అబద్ధమే. ఆ ఏడు కూడా అబద్ధమే. ఆరేళ్లు ఎందుకు పడ్డానో నాకే తెలియకుండా పోతుంది."

"ఆ వేలమందిలో నీ కొడుకు లేడా?" అంది అబ్లావి.

"వాడికి నేనెప్పుడూ తొమ్మిది దాటి వెయ్యలేదు."

ఆ మాట అన్న వెంటనే ఆయన ముఖం మారింది. తన నోటి నుంచి వచ్చిన అంకెను తనే విన్నట్టున్నారు. ఇంకేదో అనబోయారు.

గేటు బయట జీపు ఆగింది.

* * *

ఇన్‌స్పెక్టర్ సొస్సు నిండైన మనిషి. ఒక చంకలో రెండు రొట్టెలు, ఒక చేతిలో సీసా, ఇంకో చేతిలో ఆకుపచ్చ నోట్‌బుక్. వసారా ఎక్కగానే అవన్నీ బల్ల మీద పెట్టి, టోపీ తీసి, మాస్టారి ముందు నడుం దాకా వంగాడు.

"మాస్టారూ, ఒంట్లో బాగుందా? మీ చేతి దెబ్బలు ఇప్పటికీ వాన ముసురు పడితే గుర్తొస్తాయండీ. అవే లేకపోతే ఈ యూనిఫాం ఎక్కడిది నాకు? అమ్మగారూ, నమస్కారం."

అబ్లావి మొహం తిప్పుకుంది.

సొస్సు కూర్చున్నాడు. నీళ్ల కోసం ఆగాడు. గడప తొక్కిన మనిషికి ముందు నీళ్లు, తర్వాతే మాటలు. అప్పు అడగడానికి వచ్చినవాడికైనా, చావు కబురు తెచ్చినవాడికైనా అంతే. నీళ్లు రాలేదు. అతను గొంతు సవరించుకున్నాడు.

"ఎండ మండిపోతోంది అమ్మగారూ. దాహంగా ఉంది."

"కుండలో ఉన్నవి నా కొడుక్కి," అంది అబ్లావి.

అతని నవ్వు కొంచెం తగ్గింది. అంతే, మర్యాద భాగం అయిపోయిందన్నట్టు జేబులోంచి టైపు చేసిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. ఫ్రెంచిలో మొదలుపెట్టాడు.

"నువ్వేనా అమ్మా సెదినామ్? ఎంత బాగా రాశావు! మా కానిస్టేబుళ్లకి రిపోర్టు రాయడం నీ దగ్గర నేర్పించాలి. కింద ఒక సంతకం పెట్టు, చాలు. రేపెప్పుడైనా ఊరికి వెళ్తే సరిహద్దు గేటు దగ్గర ఎవరూ నిన్ను ఇబ్బంది పెట్టరు. నీ చదువూ ఆగదు."

సెదినామ్ అతని పెదాలు చూస్తూ నిలబడింది. ఎనిమిది నెలలు అర్థం చేసుకోవడానికి పడ్డ కష్టం ఇప్పుడు అర్థం కానట్టు ఉండటానికి పడుతోంది. 'సరిహద్దు' అన్నప్పుడు కన్ను ఆర్పకుండా ఉండటానికి అరచేతిలో గోళ్లు గుచ్చుకుంది.

"ఏమంటున్నారమ్మా ఈయన?" అని అబ్లావిని అడిగింది, ఎవేలో.

సొస్సు కనుబొమలు ఎత్తాడు. తనూ ఎవేలోకి దిగాడు. "ఫ్రెంచి రాదంటావా?"

"బేరానికి పది మాటలు వస్తాయి. ఇంత పెద్దవి రావు."

"మరి ఇదెవరు రాశారు?" నోట్‌బుక్ తెరిచాడు. ఆ పేజీ దగ్గర ముందే చీటీ పెట్టుకున్నాడు. "ఈ రాత నీది కాదా?"

"చెయ్యి నాదే."

"చెయ్యి నీదే, మాటలు దెయ్యానివా?" అతను నవ్వుతూనే ఉన్నాడు, కళ్లు నవ్వడం లేదు. "ఎనిమిది నెలలుగా ఈ ఇంట్లో ఉన్నావు. ఈ ఇంట్లో గోడ మీది బల్లి కూడా ఫ్రెంచిలోనే చప్పుడు చేస్తుంది, నాకు తెలుసు. మాస్టారూ, మీరే చెప్పండి. పద్దెనిమిది వేశారు. మీ పద్దెనిమిది అంటే ఏంటో నాకు తెలుసు, నాకు మీరెప్పుడూ పదకొండు దాటి వెయ్యలేదు. ఈ మార్కు సరైనదేనా?"

పెరట్లో పొయ్యి మీద ముద్ద అడుగంటుతున్న వాసన వచ్చింది. అబ్లావి కదల్లేదు.

"సరైనదే," అన్నారు మాస్టారు.

సొస్సు కాగితం సెదినామ్ వైపు జరిపాడు.

"నేను వేసిన ఏ మార్కూ తప్పు కాదు," మాస్టారు ముందుకొచ్చి నోట్‌బుక్ తన వైపు తిప్పుకున్నారు. "అది డిక్టేషన్. నేను చెప్పాను, ఈ అమ్మాయి రాసింది. రెండు తప్పులు చేసింది, ఇక్కడొకటి, ఇక్కడొకటి. రెండు మార్కులు పోయాయి. అర్థం తెలియకపోయినా డిక్టేషన్ రాయొచ్చు. నువ్వు నాలుగేళ్లు అలాగే రాశావు."

సొస్సు నవ్వు పూర్తిగా పోయింది.

"డిక్టేషన్."

"నోట్‌బుక్ నీకిచ్చినప్పుడు ఆ సంగతి చెప్పలేదు. మరిచిపోయాను. ముసలివాణ్ని."

"మాస్టారూ," సొస్సు లేచాడు. "మంగళవారం. ఐదు గంటలు. రేవు గేటు. ఎడమ పక్క ఇరవై బైకులు, కుడి పక్క ఇరవై. ఒక్కటి తప్పు కాలేదు. నేనక్కడ నిలబడి లెక్కపెట్టాను. మీరు ఊహించి చెప్పిన డిక్టేషన్‌లో ఇవన్నీ ఎలా వచ్చాయి? మీకెవరు చెప్పారు?"

"నాకెవరూ చెప్పలేదు."

"మరి?"

ఫోలీ మాస్టారు పై గుండీ సరిచూసుకున్నారు. తరగతి గదిలో మాట్లాడే గొంతుతో మాట్లాడారు.

"నా కొడుక్కి అంత తెలివి ఎక్కడిది? వాడు తొమ్మిది మార్కుల వాడు. ఎడమ ఇరవై, కుడి ఇరవై అని వేసింది నేను. గంట నేను పెట్టాను. గేటు నేను ఎంచాను. వాడు నేను చెప్పింది నలుగురికీ చేరవేశాడంతే. కావలసినవాణ్ని వదిలేసి బైకు వాణ్ని పట్టుకున్నావు సొస్సూ. అందుకే నీకెప్పుడూ పదకొండు దాటలేదు."

అబ్లావి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తనని కొట్టిన, తను మొక్కిన మాస్టారి చేతుల్ని సొస్సు కాసేపు చూశాడు. తర్వాత గేటు వైపు కేకేశాడు.

"కానిస్టేబుల్! మాస్టారిని జీపెక్కించు."

మాస్టారు చెప్పులు వేసుకున్నారు. ఒకసారి వెనక్కి తిరిగి చూశారు, కానీ భార్య వైపు కాదు, సెదినామ్ వైపు. మెట్లు దిగుతూ తూలితే కానిస్టేబుల్ రెక్క పట్టుకున్నాడు. ఇందాక ముద్ద గిన్నె వాసన చూసిన మనిషే. అతను సెదినామ్‌ని గుర్తుపట్టి ఏదో అనబోయి, ఇన్‌స్పెక్టర్ ముఖం చూసి మానేశాడు.

సొస్సు వెళ్లలేదు. బల్ల మీది కాగితం మడవకుండా అలాగే ఉంచి, సెదినామ్ చెవి దగ్గరగా వంగాడు. ఫ్రెంచిలో, చాలా తక్కువ గొంతుతో, చాలా వేగంగా మాట్లాడాడు.

"ఆయన అబద్ధం చెబుతున్నాడు. నాకు తెలుసు, నీకూ తెలుసు. ఆ సిమెంటు నేల మీద ఈ ముసలాయన మూడు రోజులు కూడా ఉండలేడు. నీకు నిజంగా భాష రాకపోతే నా మాటలు నీకు గాలి చప్పుడు. వస్తే మాత్రం ఆ పేజీ నాదేనని ఒక్క ముక్క అను. ఆయన్ని ఇప్పుడే దింపేస్తాను. లోపలున్న కుర్రాడు లోపలే ఉంటాడు. అనకపోతే వాడు బయటికొస్తాడు, ఈయన లోపలికెళ్తాడు. నువ్వే ఎంచుకో."

ప్రతి మాటా అర్థమైంది. ఒక్కటి కూడా జారిపోలేదు.

బయట జీపు తలుపు వేసిన చప్పుడైంది. సొస్సు ఇంకా వంగే ఉన్నాడు, ఆమె కళ్లలో ఆ అర్థమైన జాడ కోసం వెతుకుతూ.